గృహధర్మము: పిడికెడు గింజలు



గృహమునకు ధనము తెచ్చువారు ఎవరైనను, దినదినమును దానిని వ్యయపఱచు చేయి చాలవఱకు గృహిణిదే. ఉప్పు, పప్పు, బడిరుసుము, మందులు, చుట్టముల రాకపోకలు, వీని నడుమ ధర్మమునకు చోటు కల్పించుటయు ఆమె పనియే. దానమనగానే అది కలవారి పనియని తలంచి మనలో పెక్కురు ఊరకుందుము. మిగిలిననాడు ఇత్తమని అనుకొందుము. ఆ మిగులు దినము ఏ యింటికిని రాదు. కావున క్రైస్తవగృహమున ధనము పరోపకారమునకు ఎట్లు వినియోగపడవలెనో ఈ మాసమున కొంత విచారింతము.

యెరూషలేము దేవాలయమున ధనికులు వేసిన పెద్ద కానుకలకంటె బీదవిధవరాలు వేసిన రెండు కాసులే ఎక్కువయని ప్రభువు చెప్పినట్లు సువార్తలు తెలుపుచున్నవి. ఆయన చూచినది వేసిన మొత్తమును కాదు, వేసిన పిమ్మట ఆమెకు మిగిలినదానిని. ఈ కథ మనలో ఎఱుగనివారు లేరు. కాని దానికి ముందున్న వాక్యములను తఱచు మఱచిపోవుదుము. విధవల యిండ్లు మ్రింగుచు దీర్ఘప్రార్థనలు చేయువారిని ఆయన అక్కడనే గద్దించెను. కనుక ఆ రెండు కాసుల కథను చూపి, అప్పులలోనున్న బీదరాలి చేతినుండి కానుక గుంజుకొనుటకు ఎవరికిని అధికారము లేదు. ఇచ్చిన పిమ్మట దీవెన రెట్టింపుగా తిరిగివచ్చునని ఆశ చూపువారి మాటలును నమ్మదగినవి కావు. అట్టిది వడ్డీవ్యాపారమగును గాని దానము కానేరదు.

బీదవారు గౌరవముతో ఇచ్చిన దానమునకు మన దేశముననే మంచి దృష్టాంతము కలదు. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారు కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవిని పొందిన మొదటి భారతీయులైరి. వారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులైనను, 1945లో మరణించువఱకు తెలుగువారి నడుమ డోర్నకల్లులోనే సేవచేసిరి. అక్కడి విశ్వాసులలో ఎక్కువమంది మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను నివసించు కూలిజనము. అట్టివారిని కానుకలడుగుట న్యాయమాయని మనకు తోచవచ్చును. అజరయ్యగారు మాత్రము, బీదల సంఘమైనను తన కాళ్లపై తాను నిలువవలెనని పట్టుబట్టిరి. క్రైస్తవదానమునుగూర్చి ఒక గ్రంథమే వ్రాసిరి.

రొక్కము లేనివారు ఇచ్చుట ఎట్లు? దానికి మార్గము వంటింటిలోనే దొరకెను. గృహిణి వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేఱుగ ఉంచును. అట్లు కూడిన గింజలను దేవాలయమునకు తెచ్చి సమర్పించును. ఇట్టి ఆచారమే మిజోరాము కొండలలోని స్త్రీలు 1910లో ఆరంభించిరి. అది నేటికిని అక్కడి సంఘములకు గొప్ప ఆదాయముగానున్నది. ఒక్క పిడికెడు తగ్గినందున ఇంటిలో ఎవరును పస్తుండరు. ఐనను ఆ పిడికెడు ప్రతిదినమును ఒక ప్రశ్న అడుగును: ఈ పూట మనకు కలదు, లేనివారెవరు? ఏటికొక్కసారి పెద్దమొత్తము ఇచ్చువారికి ఈ ప్రశ్న ఏటికొక్కసారియే వినబడును.

ఇక మన నారాయణపేట సంగతి. 2019లో మహబూబునగరమునుండి విడివడి ఇది జిల్లాకేంద్రమైనది. చుట్టుపట్ల మెట్టనేలలు. పూర్వము ఇక్కడ దినదినపు ఆహారము జొన్నరొట్టెయే. అన్నము పండుగనాటి మాట. కావున మన పిడికెడు జొన్నలదైనను ప్రభువునకు కొఱతలేదు. వానలు తప్పిన యేట పాలమూరు కూలీలు బిడ్డలను ముసలివారికి అప్పగించి దూరనగరములకు పోవుట అందఱు ఎఱిగినదే. అట్టి యింటిలోని అవ్వకు మందు కొనియిచ్చుటయు, ఆ బిడ్డకు పలకయో పుస్తకమో ఇచ్చుటయు దూరదేశపు దానములకంటె తక్కువవి కావు.

ఈ పట్టణమునకు పేరు తెచ్చినది చేనేత. నారాయణపేట పట్టుచీరయు నూలుచీరయు భౌగోళికసూచికగా గుర్తింపుపొందియున్నవి. చీర కొనునప్పుడు బేరమాడని వారము మనలో ఎందఱము? నేతగాని కూలి గిట్టకుండ నూఱురూపాయలు తగ్గించి, ఆ నూఱునే ఆదివారమున కానుకసంచిలో వేసినచో, ఆ కానుక ఎవరిది? మాకు తోచినంతవఱకు అది నేతగాని కానుక. మనము దానిని మోసికొనిపోయినవారము మాత్రమే. పాచిపని చేయు అమ్మకు జీతము నాలుగుదినములు ఆలస్యముగ ఇచ్చి, పండుగకు పాతచీర పెట్టుటయు ఇట్టిదే. న్యాయముగ చెల్లింపవలసినది ముందు చెల్లింపవలెను. దానము ఆ పిమ్మట మొదలగును.

ఇచ్చునది ఎంతయో అంతగ ఇచ్చు తీరును విచారింపదగినదే. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోరమైన కఱవు వచ్చెను. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరి జాన్ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలకొలది జనమునకు పని కల్పించి కూలి ఇచ్చిరి. భిక్షకు చేయి చాపవలసిన అగత్యము అట్లు తప్పెను. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరిరి. కాని అన్నముకొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై వారు కఱవు తీఱువఱకు ఎవరికిని ఇయ్యలేదు. సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. మన సహాయమునకు ప్రతిఫలముగ నమస్కారమునుగాని, పొగడ్తనుగాని, విశ్వాసమునుగాని అడుగరాదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అక్కఱలేదు.

మన ప్రాంతమునకే మేలుచేసిన స్త్రీలను కూడ తలంపవలెను. డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గుగారు 1907లో నిజాము రాజ్యమునకు వచ్చి, 1945లో మరణించువఱకు ఇక్కడి రోగులకు, విశేషముగ స్త్రీలకును శిశువులకును, చికిత్స చేసిరి. ఆమె చివరి సంవత్సరములు శంషాబాదు వైద్యశాలలో గడచినవి. ఆమెను పంపిన మెనొనైట్ బ్రదరెన్ సంఘములవారు రాజులును కారు, కోటీశ్వరులును కారు. ఎక్కువమంది అమెరికాలోని రైతుకుటుంబములవారు. ఆ సంఘముల స్త్రీలు కూడి కుట్టుపని చేసి, ఆ వస్తువులను అమ్మి మిషను పనికి పంపుచుండిరి. తాము ఎన్నడును చూడబోని తల్లి ప్రసవము క్షేమముగ జరుగుటకు ఎక్కడనో ఒక గృహిణి సూది పట్టెను. జడ్చర్లలోని మిషను వైద్యశాలయు ఆ సంఘములవారి సేవాఫలమే.

గృహమున దీనిని ఆచరించుటకు మేము నాలుగు మాటలు మనవిచేయుదుము.

మొదటిది: దానమును నెలమొదటనే వేఱు చేయుడు, పదియవపాలు కానిండు, ఇరువదియవపాలు కానిండు. భార్యాభర్తలు కలసి నిశ్చయించుకొనవలెను. భర్తకు తెలియక ఇచ్చిన దానమువలన ఇంట కలహము పుట్టును. భార్య నడుగక భర్త వాగ్దానముచేసిన కానుక పిల్లల పాలపై పడును.

రెండవది: అప్పుచేసి దానము చేయకుడు.

మూడవది: ఆదాయము పెరిగినప్పుడెల్ల వ్యయము పెంచకుడు. జాన్ వెస్లీగారు ఆక్సుఫర్డులోనున్నప్పుడు ఏటికి 30 పౌండ్ల ఆదాయములో 28 పౌండ్లతో జీవించి రెండు దానము చేసిరి. మఱుసటియేడు 60 పౌండ్లు వచ్చినను ఆ 28తోనే జరుపుకొని 32 ఇచ్చిరని చెప్పుదురు. మనకు అంత సాధ్యము కాకున్నను, పెరిగినదానిలో సగమైనను ఇతరులకు చేరవలదా?

నాలుగవది: పుచ్చుకొనువారి పేరును ఇరుగుపొరుగులలో చెప్పకుడు. వారి కూతురు పెండ్లిపందిటిలో తలయెత్తుకొని తిరుగవలెను గదా! బిడ్డలచేత ఇప్పించునప్పుడు కూడ, ఇది మన దయయని కాక, వారికి చెందవలసిన పాలు మనయొద్ద నిలిచియున్నదని నేర్పుడు.

పొయ్యిప్రక్కన ఒక చిన్నకుండ నుంచి, రేపటి వంట మొదలు ఒక పిడికెడు అందులో వేసి చూడుడు. నెల తిరిగినపిమ్మట దానిని కొలిచి, ఎవరి యింటికి పంపవలెనో కుటుంబమంతయు కూర్చుండి మాటలాడుకొనుడు. ఆ సంభాషణవలన మీ పిల్లలు నేర్చుకొను పాఠము కుండలోని గింజలకంటె ఎక్కువ కాలము నిలుచును.