ఆటలో ఎవరినీ బయట కూర్చోబెట్టకండి



కిందటి ఆదివారం కమిటీ మీటింగ్‌లో మే నెల యవ్వనస్థుల కూటం గురించి మాట వచ్చింది. రెండు అభిప్రాయాలు వినిపించాయి. ఆటలకిచ్చే టైము తగ్గించి బైబిల్ క్విజ్, వక్తృత్వ పోటీ పెట్టాలి, ప్రైజులు పెద్దవి ఇవ్వాలి అని కొందరు అన్నారు. ఆటలు ఎలాగూ పిల్లలు నవ్వుకోవడానికే, ఏవో నాలుగు ఆడించి భోజనం పెట్టేస్తే చాలు అని మరి కొందరు అన్నారు. మేము ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడితే మా తెలుగు మధ్యలోనే తమిళంలోకి జారిపోతుందని మీ అందరికీ తెలుసు. రాసేటప్పుడైతే నిదానంగా మాట వెతుక్కోవచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేము చెప్పదలచింది ఒక్కటే. ఆటలు తగ్గించొద్దు, ఆడించే ఆటలు మార్చండి. ఓడినవాణ్ణి బయటికి పంపే ఆటతో ఐకమత్యం నేర్పలేం.

కిందటేడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఉదయం కుర్చీలాట పెట్టాం. మనకు వచ్చిన పిల్లలు ఇరవై నాలుగు మంది. పాట ఆగినప్పుడల్లా ఒకరు బయటికి. అరగంటలో ఒకడు గెలిచాడు, ఇరవై ముగ్గురు గోడవార కూర్చుని ఫోన్లు తీశారు. తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతె మా దగ్గరికి వచ్చి, "తాతా, మేం ఔట్ అయిపోయాం కదా, ఇంటికి వెళ్ళొచ్చా?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? ఔట్ అని చెప్పింది మనమే కదా.

తర్వాత వచనం వెతికే పోటీ. అధ్యాయం, వచనం చెప్పగానే ఎవరు ముందు తీసి చదివితే వాళ్ళకు పాయింటు. తెలుగు బైబిల్లోనే చదవాలని రూలు పెట్టాం. మన పిల్లల్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు ఎందరు? చేతివేళ్ళు చాలు లెక్కపెట్టడానికి. ఒక అబ్బాయి తమిళ బైబిల్లో అందరికంటే ముందు తీశాడు. లెక్కలోకి రాదన్నాం. ఆ పిల్లవాడు తర్వాత మన కార్యక్రమాలకు రాలేదు. వాళ్ళమ్మను అడిగితే పరీక్షలు అన్నారు. ఏడాది పొడుగునా పరీక్షలు ఉండవు.

ఆ రూలు పెట్టిన నలుగురిలో మేమూ ఒకరం. అది ఇంకా బాధ. ఎందుకంటే ఆ పిల్లవాడి స్థితి మాకు బాగా తెలుసు. మేము చదివింది మొత్తం తమిళ మీడియం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. ఇరవై ఏళ్ళ వయసులో ఆరాధనలో తెలుగు పాటల పుస్తకం పట్టుకుని పక్కవాళ్ళ పెదవులు చూసి పాడేవాళ్ళం. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నామని ఒకసారి ఒక పెద్దమ్మ తిప్పి చేతిలో పెట్టింది. ఆ సిగ్గుతో రెండు నెలలు వెళ్ళలేదు.

మమ్మల్ని మళ్ళీ లాక్కొచ్చింది వాలీబాల్. పెరంబూరులో రైల్వేవాళ్ళం సాయంత్రాలు ఆడేవాళ్ళం. అందులో తెలుగువాళ్ళు, తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు అందరూ ఉండేవాళ్ళు. ఒక తెలుగు పెద్దాయన మమ్మల్ని స్కోరు చెప్పమని నిలబెట్టాడు, అదీ తెలుగులోనే చెప్పాలని షరతు. అప్పుడు ఒక గేము అంటే పదిహేను పాయింట్లు. ఒకటి నుంచి పదిహేను దాకా గట్టిగా, తప్పులేకుండా తెలుగులో చెప్పడం అక్కడే నేర్చుకున్నాం. పదిహేను దాటితే ఇప్పటికీ మనసు తమిళంలోనే లెక్కపెడుతుంది, అది వేరే సంగతి. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ముందు చోటు దొరికింది, తర్వాత భాష వచ్చింది. మనం ఇప్పుడు దీన్ని తిరగేసి చేస్తున్నాం. భాష వస్తేనే చోటు అంటున్నాం.

ఆటలు వృథా అనే పెద్దలకు ఒక మాట. వాలీబాల్, బాస్కెట్‌బాల్ రెండూ పుట్టింది వైఎంసీఏలోనే, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు చలికాలంలో లోపల ఆడుకోవడానికి బాస్కెట్‌బాల్ కనిపెట్టారు. ఆయన క్లాసులో పద్దెనిమిది మంది ఉన్నారు కాబట్టి జట్టుకు తొమ్మిది మంది అని ఆడించారు. ఒక్కరినీ బయట కూర్చోబెట్టలేదు. 1895లో హోలియోక్ ఊరి వైఎంసీఏలో విలియం మోర్గన్ వాలీబాల్ తయారుచేశారు. అంత దూకుడుగా పరుగెత్తలేని పెద్ద వయసు ఉద్యోగస్తుల కోసం చేసిన ఆట అది. మొదట్లో ఒక్కో వైపు ఎంతమందైనా నిలబడొచ్చు. మన మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ గారు మొదలుపెట్టిన వైఎంసీఏ వ్యాయామ కాలేజీ ఇప్పటికీ నందనంలో ఉంది. ఆటను వీళ్ళెవరూ చిన్నచూపు చూడలేదు. ఆ వచ్చినవాళ్ళందరికీ సరిపోయేలా ఆటను కుట్టారు. మనమూ అలాగే కుట్టాలి.

ఇప్పుడు మేము అడిగే ఆటలు చెప్తాం. ఖర్చు తక్కువ, సామాను మన ఇళ్ళల్లోనే ఉంది.

మొదటిది దుప్పటి బంతి. ఎనిమిది మంది ఒక దుప్పటి అంచులు పట్టుకోవాలి. మధ్యలో బంతి. ఎగరేసి మళ్ళీ దుప్పట్లోనే పట్టాలి. తర్వాత రెండు దుప్పట్లవాళ్ళు ఎదురెదురుగా నిలబడి బంతి మార్చుకోవాలి. ఒక్కడు తన బలం చూపించి గుంజితే బంతి పక్కకు పోతుంది. ఆట అయ్యాక మార్కు సువార్త రెండో అధ్యాయం చదవండి. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి కిందికి దించిన కథ. నాలుగు మూలల్లో ఒకడు ముందే వదిలేస్తే ఏమయ్యేదని అడగండి. అప్పటిదాకా దుప్పటి పట్టుకున్న పిల్లలకు వేరే ప్రసంగం అక్కర్లేదు.

రెండోది మోషే చేతులు. నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని చేతులు చాచి నిలబడాలి. ఒంటరిగా ఎంతసేపు నిలబడ్డాడో వాచీ చూసి రాసుకోండి. తర్వాత ఇద్దరు స్నేహితులు చెరో పక్క చేతులు ఎత్తి పట్టుకోవాలి. రెండు టైములూ పక్కపక్కన రాసి చూపించండి. నిర్గమకాండం పదిహేడో అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం రోజు అహరోను, హూరు చేసింది ఇదే. మోషే అంతటివాడికే చేతులు లాగాయి. నాకు సాయం కావాలి అని అడగడానికి మన కాలేజీ పిల్లలు ఎంత సిగ్గుపడుతున్నారో తల్లిదండ్రులకు తెలుసు.

మూడోది నెహెమ్యా గోడ. కిరాణా కొట్టులో అడిగితే ఖాళీ అట్టపెట్టెలు ఇస్తారు. యాభై రెండు తీసుకుందాం, యెరూషలేము గోడ యాభై రెండు రోజుల్లో పూర్తయింది కాబట్టి. నాలుగు గుంపులు ఒకే వరసలో తలా ఒక భాగం కట్టాలి. అందరికంటే ఎత్తు కట్టినవాళ్ళకు ప్రైజు లేదు. అన్నిటికంటే పొట్టి భాగం ఎంత ఎత్తుందో అదే మొత్తం గోడ ఎత్తు. అప్పుడు చూడండి, ముందు ముగించినవాళ్ళు పక్క గుంపు దగ్గరికి పరుగెత్తుతారు. నెహెమ్యా మూడో అధ్యాయం పేర్ల జాబితా అని మనం దాటేస్తాం. అందులో యాజకులున్నారు, బంగారపు పనివాళ్ళున్నారు, వ్యాపారులున్నారు, కూతుళ్ళతో కలిసి గోడ కట్టిన షల్లూము ఉన్నాడు.

నాలుగోది మన కబడ్డీ. మేము దీన్ని చెడుగుడు అనీ, వీధిలో సడుగుడు అనీ పిలిచేవాళ్ళం. కబడ్డీలో కూడా ఔట్ ఉంది కదా అంటారు. ఉంది. కాని మన వాడొకడు అవతలివాణ్ణి ఔట్ చేస్తే బయట కూర్చున్న మన వాడొకడు లోపలికి వస్తాడు. బయట ఉన్నవాడు ఫోను చూడడు, అరుస్తాడు, ఎందుకంటే వాడు తిరిగి రావడం ఇంకొకడి శ్రమ మీద ఉంది. తప్పిపోయినవాణ్ణి తిరిగి తీసుకురావడం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ పని చేసి చూసే ఆట మన మట్టిలోనే ఉంది. ఆడపిల్లలకు వేరే జట్టు, వేరే కోర్టు పెడదాం, ఆడించడానికి మన అక్కచెల్లెళ్ళలో ఆడినవాళ్ళే ఉన్నారు.

ఐదోది వచనం వెతకడమే, రూలు మారుద్దాం. ప్రతి గుంపులో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు బైబిళ్ళు ఉండాలి. వచనం మూడు భాషల్లోనూ చదివాకే పాయింటు. అప్పుడు తెలుగు వచ్చిన అమ్మాయికి తమిళం వచ్చిన అబ్బాయి కావాలి. ఆ తమిళం చదివే అబ్బాయే పక్కన కూర్చుని తెలుగు అక్షరం ఎలా ఉంటుందో చూస్తాడు. పెంతెకొస్తు రోజున ఎవరి భాషలో వాళ్ళు విన్నారని చదువుకునే మనం, ఒక్క భాషకే పాయింటు ఇవ్వడం ఏం న్యాయం?

మూడు జాగ్రత్తలు. ఒకటి, ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి పిల్లల్ని ఎంచుకోమనొద్దు. చివరిదాకా ఎవరూ పిలవని పిల్లవాడు ఆ నిలబడిన చోటు పెద్దయ్యాక కూడా మర్చిపోడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి గుంపులు చేయండి, తెలుగులోనే లెక్కపెట్టించండి. రెండు, కళ్ళు మూసుకుని వెనక్కి పడితే వెనకవాళ్ళు పట్టుకునే ఆట వద్దు. కొన్నేళ్ళ కింద మేమే ఆడించాం, పట్టుకోవాల్సినవాళ్ళు నవ్వుల్లో పడ్డారు, ఒక పిల్లవాడి మణికట్టు వాచింది. నమ్మకం నేర్పబోయి భయం నేర్పాం. మూడు, మే ఎండ. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా నీడలోకి వచ్చేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆడినంతసేపూ కాకపోయినా కనీసం పావుగంట కూర్చుని మాట్లాడాలి. మూడు ప్రశ్నలు చాలు. ఎవరి వల్ల పని జరిగింది? ఎవరి మాట మనం వినలేదు? ఇంట్లోనో, అసోసియేషన్‌లోనో ఎవరి చేతులు ఇప్పుడు పట్టుకోవాలి? పెద్దలు జవాబు చెప్పకూడదు. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా తొందరపడకూడదు. ఈ పావుగంట లేకపోతే ఆటలు కాలక్షేపమే అన్న పెద్దల మాట నిజమవుతుంది.

లోకమంతా పోటీయే, పిల్లలకు గెలవడం నేర్పొద్దా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. మార్కులు, సీట్లు, ఉద్యోగాలు అన్నీ పోటీయే. ఆ పోటీ వాళ్ళకు వారంలో ఆరు రోజులూ బడి, ట్యూషను నేర్పుతూనే ఉన్నాయి. మిగిలిన రోజు మన దగ్గరికి వచ్చేది ఇంకోటి నేర్చుకోవడానికి. క్విజ్ మానేయమని మేము అనడం లేదు, గుంపులుగా పెట్టండి, ప్రైజు అందరికీ కలిసి తినేదిగా పెట్టండి. ఒక్కడికి కప్పు ఇచ్చే బదులు అందరికీ ఐస్‌క్రీం ఖర్చు తక్కువ.

మా ఉద్యోగం గుమాస్తా పని. అయినా స్టేషన్లలో కూర్చున్న రోజుల్లో ఒకటి చూశాం. సింగిల్ లైన్ మీద డ్రైవరుకు ఇనప బంతి ఒకటి ఇచ్చేవాళ్ళు, అది చేతికి రానిదే ముందుకు పోకూడదు. ఆ బంతి స్టేషన్ మాస్టరు గదిలో మిషన్‌లోనే ఉంటుంది. కాని ఆయన ఒక్కడే తీయలేడు. అవతలి స్టేషన్‌లో ఉన్నాయన తన మిషన్ దగ్గర నిలబడి ఒప్పుకుంటేనే ఇక్కడ బంతి బయటికి వస్తుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు. బండి నడిచేది మాత్రం ఇద్దరి వల్ల. మన పిల్లల్లో కొందరు తెలుగు చదువుతారు, కొందరు చదవరు. కొందరు పాడతారు, కొందరు కుర్చీలు సర్దుతారు. వీళ్ళంతా ఒకరికొకరు అవతలి స్టేషన్. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు శరీరం, అవయవాలు అని చెప్పింది మాకు ఆ మిషన్ దగ్గరే బాగా అర్థమైంది.

కాబట్టి కమిటీకి మా విన్నపం. ఈ మేలో పొద్దున రెండున్నర గంటలు మాకు ఇవ్వండి. దుప్పట్లు మా ఇంటి నుంచి తెస్తాం. అట్టపెట్టెలకు మాట్లాడేశాం. కబడ్డీ గీతలకు సున్నం ఎవరైనా తెస్తే సంతోషం. కళాసీ పని చేసి రిటైరైనవాళ్ళు మనలో ముగ్గురున్నారు, విజిల్ వాళ్ళ చేతికి ఇద్దాం.

ఆ అబ్బాయి ఇంటికి ఈ వారం మేమే వెళ్తాం. రూలు మార్చామని చెప్పాలి, కిందటేడు పాయింటు ఇవ్వనందుకు తప్పు మాదేనని కూడా చెప్పాలి. వస్తాడో రాడో తెలియదు. తమిళ బైబిలు మాత్రం తెచ్చుకోమని చెప్తాం.

మీ అభిప్రాయాలు రాయండి. ఒప్పుకోనివాళ్ళు ముందు రాయండి.