తుపాకీ హక్కు – ఇంటింటి ప్రచారము

ఈ నెల మేము తీసుకున్న సంగతి మన ఊళ్లకు చాలా దూరమైనది. అమెరికా దేశములో తుపాకీ ఉంచుకునే హక్కును కాపాడుకోవడానికి ఎన్నికల వేళ జీతము లేకుండా తిరిగే సామాన్యుల గూర్చి రాస్తున్నాము. "తుపాకుల గొడవ మనకెందుకు?" అని మీలో కొందరు అడగవచ్చు. మన సంఘాలలో అనేక కుటుంబాల బిడ్డలు ఆ దేశములో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పౌరులై ఓటు కూడా వేస్తున్నారు. వారు ఏ గాలిలో బ్రతుకుతున్నారో ఇక్కడి తల్లిదండ్రులు తెలిసికొనడం మంచిది. ఇంకొక కారణము ఈ వ్యాసము చివరలో చెబుతాము.

ముందుగా మన దేశపు చట్టము జ్ఞాపకము చేసికొందాము. 1959 నాటి ఆయుధాల చట్టము ప్రకారము లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకొనుట నేరము. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఉన్నవారిని కూడా అధికారులు పరిశీలించి, అవసరమైతే తుపాకీని పోలీస్ స్టేషనులో అప్పగించమంటారు. ఓట్లకాలము ముగిసిన తరువాతనే అది తిరిగి ఇంటికి వస్తుంది. మన ఊళ్లలో తుపాకీ అంటే పోలీసుల దగ్గర ఉండే వస్తువు, లేదా ఎవరో పెద్ద భూస్వామి ఇంటి గోడకు వేలాడే వస్తువు.

అమెరికాలో అట్లు కాదు. ఆ దేశ రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండవ సవరణలో ఆయుధము కలిగియుండే హక్కును గూర్చి రాశారు. అది ఒక్కొక్క వ్యక్తికి చెందిన హక్కేనని ఆ దేశపు సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. 2023లో ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో పెద్దవారిలో 32 శాతము మంది తమకు సొంత తుపాకీ ఉన్నదని చెప్పారు. పల్లెటూళ్లలో ఈ లెక్క 47 శాతము, నగరాలలో 20 శాతము. పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలలో జింకల వేట మొదలయ్యే దినాలలో చాలా బడులకు సెలవు ఇవ్వడము ఆనవాయితీ. అక్కడి రైతుకు తుపాకీ మన రైతు ఇంటిలోని గొడ్డలి, కొడవలి వంటి పనిముట్టు. తండ్రి కొడుకుకు కాల్చడము నేర్పుతాడు. కాబట్టి చట్టసభలో ఎవరైనా "తుపాకులపై ఆంక్షలు పెడతాము" అనగానే ఆ పల్లె జనము తమ ఇంటిలోకి ఎవరో చేయి పెట్టినట్లు భావిస్తారు.

ఇట్టి జనమును కూడగట్టిన సంఘాలలో పెద్దది నేషనల్ రైఫిల్ అసోసియేషన్. 1871లో న్యూయార్కులో, అంతర్యుద్ధములో పోరాడిన అధికారులు దానిని స్థాపించారు. సైనికులకు గురి సరిగా కుదరడము లేదన్న బాధతో, గురి నేర్పడానికే అది పుట్టింది. నూరేళ్లపాటు దాని ముఖ్యమైన పని శిక్షణ, పోటీలు, వేట. 1977లో సిన్సినాటి నగరములో జరిగిన వార్షిక సభలో సభ్యులు పాత నాయకులను తొలగించి, రాజకీయ పోరాటమును ముందుకు తెచ్చినవారిని ఎన్నుకున్నారు. అప్పటి నుండి అభ్యర్థులకు బడి పిల్లలకు ఇచ్చినట్లు ఏ, బి, సి, డి, ఎఫ్ అని గ్రేడులు వేయడము వారి ప్రచారములో పెద్ద ఆయుధమైంది. ఏ వచ్చినవాడు తమవాడు, ఎఫ్ వచ్చినవాడు ఎదిరి.

అయితే గ్రేడులు కాగితముమీద ఉంటే ఓట్లు రాలవు. ఆ కాగితమును ఇంటింటికీ చేర్చేవారు కావాలి. ఆ పని చేసేది వాలంటీర్లు. వారి పని ఎట్లుంటుందో చూడండి. తుపాకుల దుకాణము ముందు, గురి నేర్చుకునే మైదానము దగ్గర, ఆయుధాల సంతలో ఒక చిన్న బల్ల వేసుకొని కూర్చుంటారు. వచ్చినవారిని "మీ పేరు ఓటర్ల జాబితాలో ఉన్నదా?" అని అడుగుతారు. లేకపోతే అక్కడనే ఫారము నింపిస్తారు. సాయంత్రము పని ముగించుకొని వచ్చి, జాబితా పట్టుకొని ఫోన్లు చేస్తారు. శనివారము తలుపులు తట్టుతారు. ఇంటి ముందర గడ్డిలో అభ్యర్థి పేరున్న పలకలు పాతుతారు. పోలింగు రోజున ముసలివారిని తమ కారులో ఎక్కించుకొని ఓటు వేయించి తీసికొనివస్తారు. ఒక్కొక్క పార్లమెంటు నియోజకవర్గానికి ఇట్టి వాలంటీర్లను నడిపించే ఒక సమన్వయకర్తను నియమించే పద్ధతిని ఆ సంఘము చాలా ఏళ్లు నడిపింది.

దీని ఫలితము 1994లో లోకము చూచింది. అంతకు ముందటి సంవత్సరము, తుపాకీ కొనేవారి వెనుకటి చరిత్రను విచారించాలనే బ్రేడీ చట్టము వచ్చింది. 1994లో కొన్ని రకాల సైనిక తరహా తుపాకుల అమ్మకమును పదేళ్లపాటు నిషేధించే చట్టము కూడా వచ్చింది. వాషింగ్టను రాష్ట్రపు తూర్పు భాగములో గోధుమ పండించే ప్రాంతమునకు ప్రతినిధిగా ఉన్న టామ్ ఫోలీ అప్పుడు ప్రతినిధుల సభకు స్పీకరు. అంతవరకు ఆయన తుపాకీ హక్కుల పక్షమే. ఆ యేడు జూన్ నెలలో ఆయన సొంత నియోజకవర్గములోని వైమానిక స్థావరములో కాల్పులు జరిగిన తరువాత ఆయన మనస్సు మారి నిషేధమును సమర్థించాడు. నవంబరు ఎన్నికలో నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పదవిలో ఉన్న స్పీకరు ఓడిపోవడము 1862 తరువాత అదే మొదటిసారి. ఆ ఓటమికి ఇతర కారణాలు కూడా ఉన్నవి. అయినను తన పార్టీ వారిని ఆ సంఘము దెబ్బతీసిందని అధ్యక్షుడు క్లింటన్ 2004లో వెలువడిన తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. నిషేధ చట్టము అదే 2004లో గడువు తీరి పోయింది. మరల రాలేదు.

ఇంకొక ఉదాహరణ కొలరాడో రాష్ట్రములోనిది. ఇది మా దృష్టిలో మరింత ఆలోచింపదగినది. 2012 జూలైలో ఆ రాష్ట్రములోని అరోరా పట్టణములో సినిమాహాలులో కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. అదే యేడు డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రములోని న్యూటౌన్ ఊరిలో ఒక ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసిబిడ్డలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. దేశమంతా కన్నీరు కార్చింది. 2013 మార్చిలో కొలరాడో ప్రభుత్వము రెండు ముఖ్యమైన చట్టాలు చేసింది. ప్రైవేటుగా అమ్మినప్పటికీ కొనేవారి చరిత్ర విచారించాలి అన్నది ఒకటి. మ్యాగజైనులో 15కు మించి తూటాలు పట్టరాదు అన్నది మరొకటి.

ప్వెబ్లో అనే పట్టణములో ప్లంబరు పని చేసే యువకులు కొందరు దీనికి ఎదురు నిలిచారు. వారికి పార్టీ పదవులు లేవు, డబ్బు లేదు. కాని ఆ రాష్ట్రములో ఒక నియమము ఉన్నది. గెలిచిన ప్రతినిధిని గడువు ముగియకముందే వెనుకకు పిలువవచ్చును. గత ఎన్నికలో ఆ పదవికి పోలైన ఓట్లలో నాలుగవ వంతు సంతకాలు 60 దినాలలో తేవాలి. మన దేశములో ఎమ్మెల్యే విషయములో ఇట్టి ఏర్పాటు లేదు. ఆ యువకులు, వారితో కలిసినవారు వీధి మూలలలో, దుకాణాల ముందర నిలబడి సంతకాలు అడిగారు. ఆంజెలా గిరోన్ అనే సెనేటరు మీద 11,285 సంతకాలు కావలసి ఉండగా 12 వేలకు పైగా చెల్లుబాటు సంతకాలు తెచ్చారు. కొలరాడో స్ప్రింగ్స్ లో సెనేటు అధ్యక్షుడు జాన్ మోర్స్ మీద కూడా అట్లే సంతకాలు కూడినవి.

2013 సెప్టెంబరు 10న ఓటింగు జరిగింది. సెనేటర్లను కాపాడే పక్షానికి లక్షల డాలర్లు వచ్చినవి. న్యూయార్కు మేయరుగా ఉన్న ధనవంతుడు మైకేల్ బ్లూంబర్గ్ సొంతముగా సొమ్ము ఇచ్చాడు. ఇవతలి పక్షానికి రైఫిల్ అసోసియేషన్ కూడా సొమ్ము ఇచ్చింది గాని, మొత్తము మీద వీరి ఖర్చు ఎదుటివారి ఖర్చు కంటే ఎంతో తక్కువ. అయినను ఇద్దరు సెనేటర్లూ పదవి పోగొట్టుకున్నారు. మోర్స్ ఓడింది 350 లోపు ఓట్ల తేడాతో. ఆ రాష్ట్ర చరిత్రలో శాసనసభ్యులను ఇట్లు వెనుకకు పిలిచింది అదే మొదటిసారి.

ఇక్కడితో కథ ఆపితే అది సగము సత్యమే అవుతుంది. ఆ రాష్ట్రములోనే మరొక ప్రతినిధి మీద ఎత్తిన సంతకాల ప్రయత్నము చాలినన్ని సంతకాలు రాక ఆగిపోయింది. 2014 నవంబరు ఎన్నికలలో ఆ రెండు స్థానాలనూ పాత పార్టీవారే తిరిగి గెలుచుకున్నారు. మ్యాగజైను చట్టము రద్దు కాలేదు, 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా దానిని సమర్థించింది. ఒక్క దినపు గెలుపు నిలిచే గెలుపు కావాలంటే మరల మరల తలుపులు తట్టవలసిందే.

ఎదుటి పక్షములోనూ ఇట్టి సామాన్యులే ఉన్నారు. న్యూటౌన్ ఘోరము జరిగిన మరునాడే ఇండియానా రాష్ట్రములో షానన్ వాట్స్ అనే గృహిణి తన ఇంటిలో కూర్చుండి, తుపాకీ చట్టాలను బిగించాలని తల్లులకు పిలుపునిచ్చింది. అది దేశమంతటా వ్యాపించిన తల్లుల సంఘముగా పెరిగింది. 2012లో తన కుమారుని తుపాకీ కాల్పులలో పోగొట్టుకున్న లూసీ మెక్‌బాత్ ఆ సంఘములో పనిచేసి, 2018లో జార్జియా నుండి పార్లమెంటుకు ఎన్నికైంది. వర్జీనియాలో 2019 ఎన్నికలలో ఆంక్షలు కోరే పక్షము గెలిచింది. వెంటనే నూరుకు పైగా కౌంటీలు, పట్టణాలు "మా ప్రాంతము తుపాకీ హక్కుకు ఆశ్రయము" అని తీర్మానాలు చేసినవి. 2020 జనవరి 20న రాజధాని రిచ్‌మండ్‌లో సుమారు 22 వేలమంది కూడారు. అనేకుల భుజాన తుపాకీ ఉన్నప్పటికీ ఒక్క గుండు పేలలేదు. అయినను ఆ యేడు చాలా ఆంక్షలు చట్టమైనవి. సైనిక తరహా తుపాకుల నిషేధము మాత్రము కమిటీలో ఆగిపోయింది.

ఈ విషయములో అక్కడి సంఘాలు కూడా రెండుగా చీలియున్నవి. దానికి కారణము లేకపోలేదు. 2015లో చార్లెస్టన్‌లో బైబిలు పాఠమునకు కూడుకున్నవారిలో తొమ్మిదిమందిని ఒకడు కాల్చి చంపాడు. 2017లో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ బాప్టిస్టు మందిరములో, గర్భములోని బిడ్డతో కలిపి 26 మంది చనిపోయారు. అక్కడ హంతకుని తన తుపాకీతో ఎదిరించింది పొరుగింటి వ్యక్తి. హక్కుల పక్షమువారు దానిని చూపిస్తారు. ఆ హంతకుని పాత నేరమును వైమానిక దళము జాబితాకు పంపకపోవడము వలననే వాడికి తుపాకీ దొరికింది. ఆంక్షల పక్షమువారు దీనిని చూపిస్తారు. రెండు మాటలూ నిజమే. 2019 డిసెంబరులో అదే రాష్ట్రములో మరొక మందిరములో కాల్పులు జరిపినవాడిని సంఘపు వాలంటీరు కొన్ని క్షణాలలోనే కాల్చివేశాడు. అయినా ఇద్దరు విశ్వాసులు అప్పటికే పోయారు.

సామాన్యుల కష్టము పైవారి చేతిలో ఏమవుతుందో కూడా చెప్పాలి. సభ్యులు ఇచ్చిన సొమ్మును రైఫిల్ అసోసియేషన్ నాయకుడుగా ఉండిన వేన్ లాపియర్ తన విలాసాలకు దుర్వినియోగము చేశాడని న్యూయార్కు న్యాయస్థానములో 2024 ఫిబ్రవరిలో జ్యూరీ తేల్చింది. 40 లక్షల డాలర్లకు పైగా తిరిగి చెల్లించమన్నది. చలిలో తలుపులు తట్టిన వాలంటీరుకు ఇది ఎంత బాధ కలిగించిందో ఊహించండి. లెక్క అడగని సంఘము ఏదైనా ఇట్లే అవుతుంది.

అమెరికాలో బిడ్డలున్న తల్లిదండ్రులకు నాలుగు మాటలు. అక్కడ ఓటు పౌరులకే. పౌరసత్వము గాని గ్రీన్ కార్డు గాని లేనివారు ఎన్నికల చందా ఇవ్వరాదు. జీతము లేకుండా ప్రచారములో సాయపడవచ్చు గాని, నిర్ణయాలలో పాలుపొందరాదు. విద్యార్థి వీసా మీద, ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకొనుట, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, నేరము. స్నేహితుడు ఇచ్చాడని చేతపట్టుకొని ఫోటో దిగే ముందు ఆలోచించమనండి. మరొక మాట. 2021లో ఆ దేశములో 48,830 మంది తుపాకీ వలన చనిపోగా, వారిలో సగానికి పైగా తమను తామే కాల్చుకున్నవారు. బిడ్డ దిగులుగా ఉన్నాడని తెలిస్తే, ఉండే గదిలో, తోటివారి దగ్గర తుపాకీ ఉన్నదేమో సిగ్గుపడక అడగండి. ఉంటే తాళము వేసి దూరముగా పెట్టించండి.

ఇక మొదట చెప్పిన రెండవ కారణము. ఆ ప్లంబర్లు కోరిన చట్టము మంచిదా, ఆ తల్లులు కోరిన చట్టము మంచిదా అని తీర్పు చెప్పేది అక్కడి ఓటర్లే. కాని ఇరుపక్షాలవారి పనిలో మనకు కనబడేది ఒకటి ఉన్నది. వారు తాము నమ్మినదాని కొరకు పైసా తీసికొనకుండా, పొరుగువాని తలుపు తట్టి, ముఖము చూచి మాట్లాడారు. మన ఊళ్లలో ఎన్నికలు వస్తే తలుపు తట్టేది ఎవరు? కవరు పట్టుకొని వచ్చేవాడు. పొద్దుపోయాక వీధి దీపము ఆర్పి, ఇంటికి ఇన్ని ఓట్లని లెక్క చూచి చేతిలో పెట్టి పోతాడు. తీసికొన్నవారు మరునాడు రోడ్డు గూర్చి, బడిలో మాస్టరు లేకపోవడము గూర్చి, చెరువు పూడిక గూర్చి ఏ నోటితో అడుగుతారు?

350 లోపు ఓట్లు సెనేటు అధ్యక్షుని దించినవి. మన పంచాయతీలో గెలుపోటముల తేడా అనేకసార్లు అంతకంటే తక్కువ. వచ్చే ఎన్నికకు ముందు మీ సంఘములోని యౌవనస్థులు పదిమంది కూడి, మీ పేటలో ఎవరి పేరు ఓటర్ల జాబితాలో లేదో ఇంటింటికీ వెళ్లి చూడండి. 18 నిండినవారికి ఫారము నింపించండి. నడవలేని అవ్వను పోలింగు కేంద్రానికి చేర్చండి. ఏ పార్టీ అని అడగవద్దు. కవరు వచ్చిన ఇంటిలో మాత్రము ధైర్యముగా "వద్దు" అని చెప్పమనండి. ఈ పనికి తుపాకీ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. సాయంత్రము రెండు గంటలు చాలును.

మీ ఊరిలో ఎవరైనా ఇట్టి పని చేసియుంటే మాకు ఉత్తరము రాయండి. వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాము.