శివధనుస్సూ, వెదురుబద్దా

శివుడి విల్లు విరిచినందుకు రాములవారికి పెళ్ళయింది. వెదురు విల్లు విరిచినందుకు నాకు మా అక్కయ్య చేత చీవాట్లయ్యాయి. ఎవరి అదృష్టం వారిది!

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది మొదలు మా మేనల్లుడికి విల్లు పిచ్చి పట్టుకుంది. ఆ అమ్మాయి పట్టేది కప్పీల విల్లు. దాని ఖరీదు మన తాహతుకు మించినది. "వెదురుతో నేను చేసిపెడతాలేరా" అని మాట ఇచ్చేశాను. మేనమామ అన్నాక మాట తప్పకూడదు గదా!

చిత్రిక పట్టే ఓపిక లేక, ఇనుప పని చేసే షాపులో మూలపడి వున్న గరుకుబెల్టు యంత్రం ఒకటి బేరమాడి తెచ్చాను. బద్ద ఆనించానో లేదో, సుయ్‌మని పొగ! వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమిటండీ మాడుతోంది?" అంది.

లెక్క వేస్తే సంగతి తేలింది. మోటారు నిమిషానికి 2,880 చుట్లు తిరుగుతుంది. దానికే బిగించిన రోలరు అడ్డకొలత 10 సెంటీమీటర్లు. అంటే బెల్టు సెకనుకు 15 మీటర్లు పరుగెత్తుతోంది! ఇనుము ఆ వేడిని ఒళ్ళంతా పంచుకుంటుంది. వెదురు ఆనిన చోటే మాడుతుంది. అందుకని రోలరును వేరే ఇరుసుకు ఎక్కించి, మోటారుకు 2 అంగుళాల కప్పీ, ఇరుసుకు 4 అంగుళాల కప్పీ వేయించాను. వేగం సగమైంది. ఇనుప రజనుతో పూడిపోయిన పాత బెల్టు తీసి, కొత్తగా 60 నంబరు ముతక బెల్టు వేశాను. బెల్టు వెనకాల పలక చదును పనికి. పలక తీసేస్తే బెల్టు వంపుకు ఒదుగుతుంది.

యంత్రం బాగుపడింది. మనిషే బాగుపడలేదు. విల్లు పై సగం బిగువుగా ఉందని "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ అరగదీశాను. బద్ద బిగువు మందాన్ని బట్టి కాదు, మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 10 మిల్లీమీటర్లు 9 అయితే బిగువు నూటికి 27 వంతులు పోతుంది! అది చాలక వెదురు పైతొక్కు కూడా నునుపు చేశాను. గట్టి నారలన్నీ ఆ తొక్కును అంటుకునే ఉంటాయి. విల్లు లాగినప్పుడు సాగి భారం మోసేవి అవే. కుర్రవాడు లాగాడు. ఫటేలుమంది! ముక్క వాడి చెవి పక్కనుంచి పోయింది.

మా వీధి ముసలి వడ్రంగి చూసి నవ్వాడు. "మొరటు పని యంత్రంతో చేసుకోండి బాబూ. చివరి వీసం మాత్రం చేత్తో తియ్యండి" అన్నాడు. రెండో విల్లుకు తొక్కు ముట్టలేదు. లోపలి వైపే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దడం, కొంచెం లాగి చూడడం, రెండు సగాలూ ఒక్కలా వంగే దాకా అదే పని.

మరి రెండు మాటలు. ఇనుము సానపట్టే యంత్రం మీద ఊడ్చకుండా కర్ర పట్టకండి. నిప్పురవ్వ పొట్టులో పడితే చడీచప్పుడు లేకుండా రాజుకుంటుంది. కర్రపొడి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. కనుక మంచి మాస్కు లేకుండా మోటారు స్విచ్చి వేయకండి.

రెండో విల్లు ఇంకా నిలిచే ఉంది. మా అక్కయ్య మాత్రం, వాడు అది చేతపట్టినప్పుడల్లా, నన్నే గుమ్మంలో నిలబెడుతోంది!