వేలు అరిగింది, హక్కు అరగలేదు

పోయిన ఖరీఫ్‌లో రేపల్లె దగ్గర ఒక ఊళ్లో ఈ-పంట నమోదు జరుగుతోంది. కౌలురైతు ఒకాయన కుడి బొటనవేలు పెట్టాడు. పడలేదు. ఎడమది పెట్టాడు. పడలేదు. తువ్వాలుతో తుడిచాడు, తలనూనె అద్దాడు, పది వేళ్లూ పెట్టి చూశాడు. యంత్రం దగ్గర కూర్చున్న కుర్రాడు విసుక్కోకుండానే చెప్పాడు: "నీ వేలు బాగాలేదు బాబాయ్, రేపు రా." రేపు అంటే రేపు కాలేదు, నాలుగో రోజు అయింది. ఆ మూడు రోజులూ ఆయన పని మానుకుని తిరిగాడు. మేము పక్కనే ఉండి చూశాం.

ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు. అతను అన్న మాట మీదే మా అభ్యంతరం. నలభై ఏళ్లు నారు పీకి, నాట్లు వేసి, కొడవలి పట్టిన వేలు అది. అది బాగానే ఉంది. ఆ వేలిని చదవలేని యంత్రమే బాగాలేదు.

మన తాతల కాలంలో నిశానీ వేయటమంటే భయం. ప్రోనోటు మీద ఏం రాశారో తెలియక ముద్ర వేసి పొలం పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. అందుకే రాత్రి బడులు పెట్టుకున్నాం, సంతకం నేర్చుకున్నాం. తీరా నేర్చుకున్నాక ఇప్పుడు సంతకం చాలదు, వేలు పెట్టమంటున్నారు. ఆనాడు ముద్ర పడి మోసపోయాం. ఈనాడు ముద్ర పడక నష్టపోతున్నాం.

మన రాష్ట్రంలో రేషన్ షాపుల్లోకి ఈ-పోస్ యంత్రాలు 2015లో వచ్చాయి. ఎరువుల దుకాణాల్లోకి 2018 నాటికి దేశమంతా వచ్చాయి. తర్వాత పంట నమోదుకూ ఈకేవైసీ వచ్చింది. ధాన్యం అమ్మాలన్నా, పంట నష్టపరిహారం రావాలన్నా, బీమా అందాలన్నా ఆ నమోదే ఆధారం. అది ఆగితే ఏడాది కష్టం ఆగినట్టే.

అసలు ముద్ర ఎందుకు పడదు? మన దగ్గర వాడే యంత్రాల్లో ఎక్కువ భాగం వెలుగుతో పనిచేసేవి. అద్దం కింద చిన్న దీపం వెలుగుతుంది, కెమెరా వేలి గీతలను ఫొటో తీస్తుంది. వేలు తడిగా ఉంటే గీతల మధ్య గాడులు నీటితో పూడిపోతాయి. ఎండి పగిలితే గీత అద్దానికి సరిగా అంటదు. దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపు వండి ఆరబెట్టే చేతులు, బాపట్ల వైపు వేరుశనగ పీకే చేతులు, చినగంజాం ఉప్పుమళ్లలో పనిచేసే చేతులు, నిజాంపట్నంలో వలలు లాగే చేతులు, యూరియా చల్లే చేతులు, అన్నిటిదీ ఇదే కథ. ఎక్కువ కష్టపడిన వేలే తక్కువ పడుతుంది.

ఇక లోకంలో ఏం జరుగుతోందో చూడండి. మన సభ్యుడొకరి అబ్బాయి బెంగళూరులో ఇంజనీరు. సంక్రాంతికి వచ్చినప్పుడు అల్ట్రాసోనిక్ సెన్సార్ల సంగతి చెప్పాడు. ఇవి వెలుగుతో కాదు, చెవికి వినపడని శబ్దంతో వేలిని చదువుతాయి, ఆసుపత్రిలో కడుపు స్కానింగ్ తీసినట్టు. గీత తగిలిన చోట కొంత శబ్దం చర్మంలోకి పోతుంది. గాడిలో గాలి ఉంటుంది కాబట్టి శబ్దం దాదాపు అంతా వెనక్కి వస్తుంది. ఆ తేడాతో ముద్ర బొమ్మ తయారవుతుంది. చెమటకూ తడికీ ఇది అంత తేలిగ్గా లొంగదు. 2019 నుంచి శాంసంగ్ ఖరీదైన ఫోన్లలో అద్దం కిందే పెట్టి అమ్ముతోంది.

ఇప్పుడు ఇంజనీర్లు ఇంకో మెట్టు ఎక్కుతున్నారు. సెన్సారు పొర కంపించినప్పుడు శబ్దం పైకీ పోతుంది, కిందికీ పోతుంది. కిందికి పోయేదాన్ని వృథా చేయకుండా వాడుకుంటే, ఒకే సెన్సారు ఫోను ముందు వైపూ వెనక వైపూ వేలిని చదవగలదు. ఏ ప్రతిధ్వని ఏ వైపు నుంచి వచ్చిందో విడదీయటమే అందులో కష్టం. దాని మీద బుర్రలు పెట్టి పనిచేస్తున్నారు.

మంచిదే, చదువుకున్న పిల్లల తెలివిని మేము తప్పుపట్టం. మా ప్రశ్న వేరు. ఫోను ఎటు పట్టుకున్నా వేలు పడాలని అంత తపన పడే లోకం, కిలో బియ్యం కోసం నిలబడ్డ ముసలమ్మ వేలు పడటానికి ఎందుకు తపన పడదు? ఫోను కొనేవాడు నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోతాడు. మనం ఎక్కడికి పోతాం? మన పేరు లబ్ధిదారుడు, వినియోగదారుడు కాదు.

పోనీ ఆ కొత్త సెన్సార్లు తెచ్చిపెడితే అంతా తీరుతుందా? తీరదు. గీతే అరిగిపోతే శబ్దమైనా ఏం చదువుతుంది? పైగా యంత్రం ఎంత కొత్తదైనా తప్పు చేస్తుంది. 2019 అక్టోబరులో అదే శాంసంగ్ ఎస్10 ఫోనుకు ఒక రకం జెల్ కవరు తొడిగితే ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటోందని బయటపడింది. కంపెనీ తప్పు ఒప్పుకుని ఆ నెలలోనే సాఫ్ట్‌వేర్ సరిచేసింది. కొనుక్కున్నవాళ్ల వేలిని ఎవరూ తప్పుపట్టలేదు. అక్కడ తప్పు యంత్రానిది, ఇక్కడ తప్పు వేలిది. ఇదెక్కడి న్యాయం?

చట్టం దగ్గర మన చేతిలో ఆధారం ఉంది. 2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వేలు పడలేదని రేషన్ లాంటి సౌకర్యాలు ఆపకూడదు. వేరే మార్గం చూపాలి, ఆ వివరం రిజిస్టరులో రాయాలి. 2018 మార్చిలో అదే సంస్థ అధిపతి సుప్రీంకోర్టులో ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ విజయం 88 శాతమని చెప్పారు. అంటే వందకు 12 సార్లు విఫలం. విఫలమైతే హక్కు పోయినట్టు కాదని కూడా అన్నారు. సుప్రీంకోర్టు వరకు వెళ్లిన ఆ మాట మన ఊరి కౌంటరు వరకు రావటం లేదు.

"వేలిముద్ర తీసేస్తే దొంగ కార్డులు, బినామీలు వస్తారు" అంటారు. దొంగలను పట్టుకోమని ముందు అడిగింది మనమే. కానీ దొంగను పట్టటానికి కట్టిన కంచెలో కాపు చిక్కుకుంటే కంచెను సరిచేయాలా, కాపును శిక్షించాలా? డెల్టాలో పొలం దున్నేవాళ్లలో కౌలుదారులే ఎక్కువ. కౌలు కార్డు కోసం భూయజమాని సంతకానికి తిరిగీ తిరిగీ, చివరికి తన వేలు దగ్గర ఓడిపోవటం వాళ్లు భరించలేరు.

అందుకే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతులుగా మేము డిమాండ్ చేస్తున్నాం:

వేలు పడకపోతే అదే రోజు, అక్కడే, కనుపాపతోనో ఫోనుకు వచ్చే ఓటీపీతోనో పని పూర్తి చేయాలి. అవీ కుదరకపోతే కార్డు చూసి, రిజిస్టరులో రాసి, సంతకం తీసుకుని ఇవ్వాలి.

పని జరగకపోతే కారణం రాసిన చీటీ చేతికివ్వాలి. "రేపు రా" అన్న నోటిమాట చెల్లదు.

కొత్త యంత్రాలు కొనేముందు వాటిని ఆఫీసు చేతుల మీద కాదు, నాట్ల సీజనులో కూలీల చేతుల మీద పరీక్షించాలి. ఆ చేతులను చదవలేని యంత్రాన్ని కొనకూడదు.

సభ్యులు చేయాల్సింది కూడా ఉంది. మీ ఊళ్లో ఎవరి వేలు పడకపోయినా తేదీ, చోటు, ఎన్నిసార్లు తిరిగారో ఒక నోటుపుస్తకంలో రాయండి. నెలాఖరుకు మండల కమిటీకి ఇవ్వండి. ఒక్కడు చెబితే ఫిర్యాదు అంటారు, వందమంది రాస్తే లెక్క అవుతుంది. ఆ లెక్క పట్టుకుని కలెక్టరేట్లకు కలిసి పోదాం.

ఈ వేళ్లు పండించిన అన్నమే అందరూ తింటున్నారు. ఆ వేళ్లకు గుర్తింపు అడగటం భిక్ష కాదు, మన హక్కు.