న్యూ ఫోల్డర్ 3లో డప్పు

మొన్న ఫెస్ట్‌లో మా షార్ట్ ఫిల్మ్ చూసినవాళ్లకి ముందుగా ఒక సారీ. అందులో జాతర సీన్ వెనకాల మోగింది మన డప్పు కాదు. ఒక ఫ్రీ శాంపిల్ ప్యాక్‌లో ‘ఏషియన్ డ్రమ్ లూప్’ అని ఉన్న ఏదో వాయిద్యం. అది ఏ దేశానిదో నాకు ఇప్పటికీ తెలీదు. చప్పట్లు బానే కొట్టారు, అది వేరే సంగతి.

పోనీ మా దగ్గర డప్పు లేదా అంటే, ఉంది. శివరాత్రి వెళ్లాక, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో, కైకలూరు దగ్గర ఒక ఊళ్లో ఓ పెద్దాయన మా కోసం ప్రత్యేకంగా వాయించారు. ఎండుగడ్డి మంటేసి డప్పు కాచారు. కొట్టి చూసుకున్నారు. నచ్చలేదు, మళ్లీ కాచారు. చర్మం వేడెక్కి బిగిస్తే గానీ ఆ ఖంగుమనే మోత రాదు. కుడిచేతి సిర్రకీ ఎడంచేతి చిటికెన పుల్లకీ తేడా తెలియాలని విడివిడిగా కూడా కొట్టి వినిపించారు. అరగంట పైనే. వచ్చేటప్పుడు “సినిమాలో పెడతారా బాబూ?” అని అడిగారు. “తప్పకుండా పెడతాం బాబాయ్” అన్నాం.

అదే ట్రిప్‌లో ఆటపాకలో గూడబాతుల గోల, ఎర్రకాళ్ల కొంగలు ముక్కులు టకటకలాడించే చప్పుడు, రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరేటర్లు, పడవ తెడ్డు, తాడేపల్లిగూడెం స్టేషన్ అనౌన్స్‌మెంట్లు, అన్నీ రికార్డ్ చేశాం. మొత్తం నాలుగొందల పైచిలుకు ఫైళ్లు. అన్నిటికీ రికార్డర్ ఇచ్చిన నంబర్లే పేర్లు. అన్నీ నా లాప్‌టాప్‌లో ‘న్యూ ఫోల్డర్ 3’లో పడి ఉన్నాయి.

సబ్మిషన్ ముందురోజు రాత్రి ఆ డప్పు కోసం వెతికాం. ఒక ఫైల్ మీద డబుల్ క్లిక్, మీడియా ప్లేయర్ తెరుచుకోవడం, మొదట్లో మా మాటలు, గాలి చప్పుడు, ముందుకు జరపడం, కాదని తేల్చుకుని మూసేయడం. ఫైల్‌కి ఆరు సెకన్లు వేసుకున్నా నాలుగొందలకి నలభై నిమిషాలు. అంత ఓపికా టైమూ లేక, పక్కనే తయారుగా ఉన్న ప్యాక్‌లోంచి ఆ లూప్ లాగేశాం. దానికి మాత్రం పది సెకన్లు పట్టింది.

ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అప్పట్నుంచీ ఒకటి గట్టిగా అనిపిస్తోంది. మన గ్రూపుల్లో ఎవడైనా “మ్యూజిక్ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది బ్రో?” అని అడగ్గానే ఎఫ్ఎల్ స్టూడియో బ్యాచ్, ఏబుల్టన్ బ్యాచ్ కొట్టుకుంటారు. ప్లగిన్లు, బీట్లు, ఫలానా మ్యూజిక్ డైరెక్టర్ ఏది వాడతాడు, ఇదే గోల. మనం చేసే పనిలో సగం టైమ్ పోయేది శబ్దాల కోసం వెతకడంలోనే అని ఎవరూ అనరు. అందుకే నేనైతే సాఫ్ట్‌వేర్‌ని ముందు దాని బ్రౌజర్‌ని బట్టే ఎంచుకోమంటాను. బ్రౌజర్ అంటే క్రోమ్ కాదు, శాంపిల్స్ చూపించి వినిపించే ఆ పక్క కిటికీ.

అందులో చూడాల్సిందేంటి? కీబోర్డు మీద కింది బాణం నొక్కితే చాలు, తర్వాతి ఫైల్ వెంటనే మోగాలి. ఇది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా దండగ. ఇక రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యం: మీ పాట ప్లే అవుతూ ఉండగానే శాంపిల్ దానితో కలిసి వినపడాలి. ఒంటరిగా అదిరిపోయిన దెబ్బ, పాటలో పెట్టాక బకెట్ కొట్టినట్టు ఉండొచ్చు. విడిగా చప్పగా ఉన్నదే కొన్నిసార్లు సరిగ్గా అతుకుతుంది. ప్రివ్యూకి వేరే వాల్యూమ్ మీట కూడా ఉండాలి, ఎందుకంటే గట్టిగా మోగేదే మంచిదని మన చెవి మోసపోతుంది.

ఎఫ్ఎల్ స్టూడియోలో ఎడమ పక్క బ్రౌజర్ నిజంగా చులాగ్గా ఉంటుంది. వెర్షన్ 21 నుంచి ట్యాగులు కూడా వచ్చాయి. ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం. కానీ ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మళ్లీ తెరవలేం. అందుకే హాస్టల్లో సగం మంది క్రాక్ వాడతారు, దాని గురించి ఇక్కడ రాయను. ఏబుల్టన్ లైవ్‌లో హెడ్‌ఫోన్ గుర్తు నొక్కి ఉంచితే ఫైల్ మీద క్లిక్ చేయగానే వినిపిస్తుంది, పాట వేగానికి సర్దుకుని మరీ. లైవ్ 12లో అయితే ఒక శబ్దం చూపించి “ఇలాంటివి ఇంకేం ఉన్నాయి?” అని వెతకొచ్చు. అద్భుతమే, కాదనను. ధరే అద్భుతంగా లేదు.

నా ఓటు రీపర్‌కి. మన 8 జీబీ లాప్‌టాప్‌ల మీద ఇది బరువనిపించదు. 60 రోజులు ట్రయల్, ఏ ఫీచర్‌కీ తాళం ఉండదు. ఆ తర్వాత పర్సనల్ లైసెన్స్ 60 డాలర్లు. స్టూడెంట్‌కి అదీ చిన్న మొత్తం కాదు, కానీ దాచుకుంటే అందేదే. కంట్రోల్, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే మీడియా ఎక్స్‌ప్లోరర్ అనే కిటికీ వస్తుంది. బాణం కీతో ఒక్కోటీ మోగుతూ పోతుంది. కింద తరంగం గీత కనిపిస్తుంది. అందులో నచ్చిన ముక్క వరకే సెలెక్ట్ చేసి పాటలోకి లాగేయొచ్చు. పది నిమిషాల రికార్డింగ్‌లోంచి రెండు దెబ్బలు కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి? దీన్ని మొదలుపెట్టిన జస్టిన్ ఫ్రాంకెల్ ఎవరో తెలుసా, 1997లో విన్‌యాంప్ చేసినాయన. మన బాబాయిలు నెట్ సెంటర్లలో పాటలు విన్నది దాంతోనే. పాటల ఫోల్డర్‌ని గబగబా వినిపించడం ఆయనకి కొత్తేం కాదన్నమాట.

లోపాలున్నాయి. చూడ్డానికి బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. దాంతోపాటు ఒక్క శాంపిల్ కూడా రాదు. నాకు మాత్రం ఆ రెండోది లోపం అనిపించలేదు. ఖాళీగా వచ్చింది కాబట్టే నా ఫోల్డర్ వైపు చూడాల్సి వచ్చింది.

ఒక జాగ్రత్త. ప్యాకుల్లో లూపులు సరిగ్గా తాళానికి కోసి ఉంటాయి, చాలావాటికి పేరులోనే బీపీఎం ఉంటుంది. మన రికార్డింగులకి ఆ లెక్క ఉండదు. వేగం సర్దే బటన్ ఆన్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన అంచనా వేసి డప్పుని సాగదీస్తుంది, రబ్బరు మీద కొట్టినట్టు వస్తుంది. సొంత రికార్డింగులు వినేటప్పుడు రీపర్‌లో టెంపో మ్యాచ్ ఆపేయండి. లైవ్‌లో అయితే ‘రా’ అనే బటన్ ఆన్ చేయండి. పెద్దాయన వాయిస్తూ వాయిస్తూ వేగం పెంచుకుంటూ పోయారు. ఆ ఊపు కోసమే కదా అంత దూరం వెళ్లింది.

మా సీనియర్ అన్న ఒకాయన దీన్ని ఒప్పుకోడు. “ఫైళ్లకి పేర్లు సరిగ్గా పెట్టుకోరా, ఏ సాఫ్ట్‌వేర్ అయినా చాలు” అంటాడు. సగం నిజం. పేరు పెట్టాలంటే ముందు వినాలి కదా అన్నా! వినడమే నరకంగా ఉంటే పేర్లు పెట్టడం ఎప్పటికీ రేపే. ఫెస్ట్ అయిపోయాక ఒక ఆదివారం మీడియా ఎక్స్‌ప్లోరర్ తెరిచి బాణం కీ మీద వేలు పెట్టి కూర్చున్నాను. మొత్తం వినడానికి మధ్యాహ్నం భోజనం టైమ్ అయింది. వింటూనే నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత పేర్లు మార్చాను, తెలుగులోనే: ‘డప్పు సిర్ర వేడి మీద’, ‘గూడబాతు పిల్లలు ఆకలి’, ‘ఏరేటర్ దూరం నుంచి’. మంచి ప్యాకుల్లో కూడా మన దగ్గరవి అంటే తబలా, సితార్ దాకానే వస్తాయి. ‘డప్పు’ అని టైప్ చేస్తే పదకొండు ఫైళ్లు వచ్చే ఫోల్డర్ ఇప్పుడు నా దగ్గర ఉంది.

జాతర సీన్ మళ్లీ మిక్స్ చేశాం. కావాల్సిన దెబ్బ 0147 అనే ఫైల్‌లో, నాలుగో నిమిషం దగ్గర ఉంది. ఆ రాత్రి మేం 60 దాకా వచ్చి ఆపేశాం. సంక్రాంతి సెలవులకి ఆ ఊరెళ్లి కొత్త వెర్షన్ చూపించాలి. మొదటిది ఆయన ఎవరి ఫోన్‌లోనైనా ఇప్పటికే చూసేశారేమో, ఫోన్ చేసి అడగడానికి మాత్రం మా నలుగురిలో ఎవరికీ ధైర్యం రావట్లేదు.