గర్భసంచి పోయింది, అండాశయాలు ఉన్నాయా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో నలభై నిండని ఆడవాళ్లు కూడా గర్భసంచి తీసేసిన్రని చెప్పడం మామూలైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇన్ని ఆపరేషన్లు ఎందుకన్నది ఇంకో వారం మాట్లాడాలి. వాళ్లలో ఎవరికైనా తర్వాత రొమ్ము క్యాన్సర్ వస్తే ఏమవుతుందన్నదే ఇప్పుడు నా భయం.

రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ ఊతంతో పెరిగేవే. 1896లోనే గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే ముదిరిన గడ్డ తగ్గిందని ప్రకటించాడు. గడ్డ కణాల్లో ఆ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉందో లేదో ముక్క పరీక్షలోనే తేలుతుంది. నూరు కణాల్లో ఒక్కటి రంగు పట్టినా పాజిటివ్ అంటారు. నెత్తురు పరీక్ష ఈ సంగతి చెప్పలేదు. ముట్లుడిగిన అవ్వ నెత్తుట్లో ఈస్ట్రోజన్ తక్కువే ఉన్నా గడ్డ పాజిటివ్ రావచ్చు. ఆ వయసులో ఒంటి కొవ్వు ఆరొమటేజ్ అనే ఎంజైముతో ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది.

టామాక్సిఫెన్ రిసెప్టర్‌కే అడ్డుపడుతుంది, ముట్లు ఆగినా ఆగకపోయినా పనిచేస్తుంది. లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ ఆరొమటేజ్‌ను ఆపుతాయి. అండాశయాలు పనిచేస్తుండగా, వాటిని ఆపే ఇంజెక్షన్ లేకుండా ఈ మాత్రలిస్తే బెడిసికొడుతుంది. ఈస్ట్రోజన్ తగ్గగానే పిట్యూటరీ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను పెంచి అండాశయాలను మళ్లీ ఉసిగొల్పుతుంది.

ఓపీలో "ముట్లు ఆగినయా అమ్మా?" అని అడుగుతారు. "ఆగి ఐదేండ్లాయె సారూ" అంటుంది. ఆమె చెప్పింది నిజమే. గర్భసంచి లేకపోతే ముట్లు రావు. అండాశయాలు మిగిలుంటే మాత్రం ఏళ్లతరబడి హార్మోన్ ఊరుతూనే ఉంటుంది. లెట్రొజోల్ రాసే ముందు నెత్తుట్లో ఎస్ట్రాడయాల్ అనే ఈస్ట్రోజన్, ఎఫ్ఎస్‌హెచ్ చూడాల్సింది ఇక్కడే. కీమోతో ముట్లు ఆగినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, వాళ్ల అండాశయాలు కొన్ని నెలలకు తిరిగి మేలుకోవచ్చు.

మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపే కాగితం మీద "ముట్లు ఆగాయి" అని రాసి వదిలేయకుండా, గర్భసంచి ఎప్పుడు తీశారో, అండాశయాలు ఉన్నాయో లేదో ఈ కాలేజీల డాక్టర్లే రాసి పంపాలి. పాత డిశ్చార్జి కాగితం దొరక్కపోతే స్కానింగ్ చేయించాలి.

ఇప్పటికే లెట్రొజోల్ వాడుతున్న అక్కలూ, చెల్లెళ్లూ, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. నా అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చూశారా అని మీ డాక్టర్ను అడగండి.