బయోడేటా - పట్టభద్రులు

మన సభ్యుల ఇండ్లలో క్రొత్తగా పట్టా పుచ్చుకొన్న యువతీయువకులు బయోడేటాలు సిద్ధం చేసుకొంటున్నారు. ఊరు, కులం, అభిరుచులతో మూడు పుటలు నింపి, చేసిన పనిని చివరి పంక్తిలో దాచివేయడం పరిపాటి అయినది. అనుభవం లేదన్న న్యూనతాభావమే ఇందుకు హేతువు. సెలవులలో పిల్లలకు చెప్పిన పాఠాలు, దుకాణంలో వ్రాసిన పద్దులు, కళాశాల ప్రాజెక్టులో తన వంతు పని - ఎన్నాళ్లు, ఎంత అని అంకెలతో వ్రాసిన అదియే అనుభవం. ఒక్క పుట చాలును. దొంగ అనుభవపత్రాలు అమ్మజూపే దళారులను గుమ్మం త్రొక్కనీయరాదు. పరిశీలనలో బయటపడిన నాడు పోయేది దళారి ఉద్యోగం కాదు.

అయితే మన శాఖలలో బయోడేటాకు తావెక్కడ? గ్రామీణ డాక్ సేవకుల ఎంపికకు పదవ తరగతి మార్కులే ప్రమాణం. పట్టాకు అదనపు విలువ లేదు. 2019లో రైల్వే ప్రకటించిన 35,281 ఎన్.టి.పి.సి. కొలువులకు కోటీ ఇరువది అయిదు లక్షల దరఖాస్తులు వచ్చినవి. అనగా కొలువుకు మూడువందల యాభైమంది! ఫలితాల తీరుకు నిరసనగా 2022 జనవరిలో బీహారులో రైలు పట్టాలపై బైఠాయించిన వారిలో పట్టభద్రులెందరో ఉన్నారు. వారికి దరఖాస్తు వ్రాయడం రాక కాదు.

ఖాళీలను ఏటా ప్రకటించి గడువులోగా భర్తీ చేయవలెనన్నది మన కోర్కె. ఈలోగా ప్రతి శాఖా కార్యాలయంలో నెలకొక ఆదివారం సభ్యుల పిల్లల బయోడేటాలను సరిచూచే ఏర్పాటు చేయవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.